మారిషస్ ఫ్యామిలీ ట్రిప్‌లో గోల్ఫ్: కిట్ మోసుకెళ్ళాలా, అక్కడే అద్దెకి తీసుకోవాలా?

పద్నాలుగో_క్లబ్ | జూన్ 14, రాత్రి 10.42

అందరికీ నమస్తే. ఆగస్టు రెండో వారంలో మారిషస్ వెళ్తున్నాం, నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ళ పాప. ఏడు రాత్రులు. ఇది పెళ్ళైన పదేళ్ళకి చేస్తున్న ట్రిప్పు కాబట్టి "గోల్ఫ్" అనే మాట ఇంట్లో ఇంకా ఎత్తలేదు. ఎత్తే ముందు మీ అందరి దగ్గర కొంచెం సరుకు పోగుచేసుకుందామని.

నాది హాండికాప్ 22 (అంటే రౌండ్‌కి లెక్క ప్రకారం పట్టాల్సిన దెబ్బలకంటే ఓ ఇరవైరెండు ఎక్కువ), హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన ఆడతాను. సముద్రం పక్కన ఎప్పుడూ ఆడలేదు. డౌట్లు: కిట్ మొత్తం, అంటే పద్నాలుగు క్లబ్బులూ (బాల్ కొట్టే కర్రలు), తీసుకెళ్ళాలా, అద్దె సెట్లు బాగుంటాయా, ఏ కోర్సు, ఎన్ని రౌండ్లు, ఇంట్లో గొడవ లేకుండా ఎలా. చివరిదానికి సమాధానం ఉన్నవాళ్ళు ముందు రాయండి.

బంకర్_బాధితుడు | జూన్ 14, రాత్రి 11.05

అన్నా చివరిదానికి సమాధానం ఈ ఫోరంల ఎవ్వరికాడ లేదు. ఉంటే రాత్రి పదకొండుకు ఇక్కడెందుకుంటం.

నేను రెండేండ్ల కింద పోయిన. ఐల్ ఓ సెర్ఫ్ ఆడిన, అదే పడవల పోయి ఆడే దీవి కోర్సు. జర్మనీ గోల్ఫర్ బెర్న్‌హార్డ్ లాంగర్ డిజైన్, 2003ల మొదలైంది. మస్తుంటది, దాదాపు ఏ హోల్ కాడికి పోయినా సముద్రం కనవడ్తది, కనవడుడే కాదు బాల్‌ను పిలుస్తది గూడ. డజను బాల్స్ పట్టుకపోయిన, పదమూడో హోల్ కాడ ఖతం. తర్వాత మా పార్ట్‌నర్ కాడ అడుక్కొని ఆడిన. బాల్స్ మాత్రం ఎక్కువ పట్టుకపో.

కైలాసగిరి_గాలి | జూన్ 15, ఉదయం 6.20

గురూ, నేను వైజాగ్. మా కోర్సు ముడసర్లోవ వైపు, సముద్రపు గాలి మాకు రోజూ ఉండేదే, అయినా అక్కడ ఆగస్టులో గాలి వేరేలా కొట్టింది. ఆగస్టంటే వాళ్ళకి చలికాలం, భూమధ్యరేఖకి దిగువన కదా. ఎండ ఏమీ మండదు, తీరంలో పగలు 24, 25 డిగ్రీలు, హాయి. కానీ ఆగ్నేయం నుంచి వచ్చే గాలి జూలై ఆగస్టుల్లోనే జోరు, అది నేరుగా తూర్పు తీరానికి తగుల్తాది. ఐల్ ఓ సెర్ఫ్ ఉన్నది సరిగ్గా అటే.

నేను చేసిన తప్పేటంటే ఎదురుగాలి అనగానే గట్టిగా కొట్టడం. గట్టిగా కొడితే బాల్‌కి స్పిన్ పెరుగుద్ది, స్పిన్ పెరిగితే పైకి లేస్తాది, పైకి లేచిందంటే ఇంక గాలిదే. రెండు క్లబ్బులు పెద్దది (ఇంకా దూరం కొట్టేది) తీసుకుని, గ్రిప్ కింద పట్టుకుని, సగం ఊపుతో నెమ్మదిగా తోసేయ్. గంటకి పదహారు కిలోమీటర్ల ఎదురుగాలికి దూరం ఒక పది శాతం పోద్దని లెక్క పెట్టుకో, వెనక గాలి అయితే అందులో సగమే కలిసొస్తాది. 150 గజాలకి సెవెన్ ఐరన్ అని హైదరాబాద్‌లో రాసుకున్న లెక్కలు అక్కడ పనికిరావు. పైగా మీ ఊరు సముద్రమట్టానికి అయిదొందల మీటర్ల పైన, అక్కడ సున్నా. గాలి లేకపోయినా రెండు శాతం దూరం తగ్గుద్ది.

గ్రీన్‌సైడ్_లక్ష్మి | జూన్ 15, ఉదయం 9.12

నేను రెండుసార్లు వెళ్ళాను, ఒకసారి ఫ్రెండ్స్‌తో గోల్ఫ్ కోసమే, ఒకసారి అత్తమామలు పిల్లలతో. రెండోదాంట్లో నేర్చుకున్నది రాస్తాను, ఎందుకంటే మీ పరిస్థితి అదే.

మారిషస్ మనకంటే గంటన్నర వెనక. అంటే మన ఒంటికి ఆరున్నర అయినప్పుడు అక్కడ ఐదు. మొదటి మూడు రోజులు అలారం లేకుండానే మెలకువ వచ్చేస్తుంది, మిగతావాళ్ళు హాలిడే అని పడుకుంటారు. ఆగస్టులో సూర్యోదయం ఆరున్నర దాటాక. ఏడింటి టీ టైం (ఆట మొదలుపెట్టే టైం) తీసుకుంటే పదకొండుకల్లా వచ్చి పిల్లలతో పూల్‌లో ఉంటారు. మధ్యాహ్నం రౌండ్ మాత్రం పెట్టుకోకండి, ఆరులోపే సూర్యుడు దిగిపోతాడు, రెండింటికి మొదలుపెడితే చివరి మూడు హోల్స్ చీకట్లో ఆడాలి, పైగా ఫ్యామిలీకి కావాల్సిన టైం అంతా అదే.

రిసార్ట్ ఎక్కడో చెప్పలేదు మీరు. ఆగస్టులో తూర్పు తీరంలో బుక్ చేస్తే మీకు గాలి, మీ ఆవిడకి ఎగిరే ఇసుక. ఉత్తరం, పడమర కాస్త నయం. పడమట టామరిన్ దగ్గర ఒక కోర్సు, ఉత్తరాన మోన్ షోయిసీలో ఒకటి ఉన్నాయి. దక్షిణాన బెల్ ఓంబ్రలో రెండున్నాయి, పాతది 2004 నాటిది, కొత్తది లా రిజర్వ్, 2023లో తెరిచారు. కొత్తదాన్ని కోర్సుల డిజైనర్ పీటర్ మాట్కోవిచ్‌తో కలిసి దక్షిణాఫ్రికా గోల్ఫర్ లూయీ ఊస్ట్‌హైజెన్ డిజైన్ చేశాడు, అదే ఏడాది డిసెంబర్‌లో అక్కడ మారిషస్ ఓపెన్ టోర్నమెంట్ పెడితే గెలిచింది కూడా అతనే. ఇల్లు కట్టినవాడికి చీకట్లో స్విచ్ ఎక్కడుందో తెలుస్తుంది కదా.

ఇంకోటి, కొన్ని రిసార్ట్‌లు గదితోపాటు గ్రీన్ ఫీ (కోర్సులో ఆడటానికి కట్టే డబ్బు) ఉచితం అంటాయి, కార్ట్ (కోర్సులో తిరిగే బండి) డబ్బులు అందులో ఉన్నాయా లేదా మెయిల్‌లో రాయించుకోండి. మాకు గ్రీన్ ఫీ ఉచితం, కార్టూ బాల్సూ పడవా అన్నీ వేరే. బిల్లు చూసి మా మామగారు "ఉచితం ఇంత ఖరీదా" అన్నారు.

పద్నాలుగో_క్లబ్ | జూన్ 15, మధ్యాహ్నం 1.30

లక్ష్మి గారూ తూర్పు తీరంలోనే బుక్ చేసేశాను 😐 క్యాన్సిల్ చేస్తే డబ్బులు రావు.

గ్రీన్‌సైడ్_లక్ష్మి | జూన్ 15, మధ్యాహ్నం 1.34

అయితే విండ్‌చీటర్ కొనండి. మీకు కాదు, ఆవిడకి.

ప్లస్_టూ | జూన్ 15, సాయంత్రం 5.50

కిట్ గురించి ఎవరూ చెప్పలేదు. సొంత సెట్టే తీసుకెళ్ళు. అద్దె సెట్ ఎంత కొత్తదైనా షాఫ్ట్ (క్లబ్ కాడ) నీది కాదు, గాలిలో నీ క్లబ్‌తోనే తడబడతావు, పరాయి క్లబ్‌తో సంగతి చెప్పక్కర్లేదు. ట్రావెల్ కవర్ కొను, డ్రైవర్ (అన్నిటికంటే పొడవు క్లబ్) హెడ్ విప్పి బట్టల మధ్య పెట్టు, బ్యాగులో అన్నిటికంటే పొడవుగా ఒక గట్టి కర్ర నిలబెట్టు, పైనుంచి పడేస్తే దెబ్బ దానికి తగుల్తుంది. నేను ఈ కర్ర పెట్టకముందు ఒక విమానం వాళ్ళు నా డ్రైవర్‌ని రెండు ముక్కలు చేసి ఇచ్చారు, కౌంటర్‌లో ఫారం నింపాను, ఇంతవరకు ఆ ఫారానికి జవాబు లేదు.

రూల్స్ రెండు గుర్తుపెట్టుకో, దీవుల్లో పనికొస్తాయి. పీతల బొరియలో బాల్ పడితే ఫ్రీ రిలీఫ్ (పెనాల్టీ లేకుండా బాల్ తీసి వేరేచోట పెట్టుకోవడం), రూల్ 16.1. పీత కూడా రూల్స్ ప్రకారం జంతువే. దగ్గర్లో అడ్డులేని చోటు చూసుకుని ఒక క్లబ్ పొడవులో డ్రాప్ చెయ్ (చేత్తో కిందికి వదులు). కానీ ఆ బొరియ ఎర్ర కర్రల లోపల, అంటే పెనాల్టీ ఏరియాలో ఉంటే ఫ్రీ ఏమీ లేదు. రెండోది, రాలిపడ్డ కొబ్బరికాయ లూజ్ ఇంపెడిమెంట్ (కదిలే సహజమైన అడ్డు), ఎక్కడున్నా తీసి పక్కన పెట్టొచ్చు, బంకర్‌లో (ఇసుక గుంటలో) కూడా, 2019 నుంచి. బాల్ కదలకుండా చూసుకో అంతే.

బంకర్_బాధితుడు | జూన్ 15, సాయంత్రం 6.02

కొబ్బరికాయ తీసి పక్కకు పెట్టుడేంది, కొట్టుక తాగాలె.

కోరంగి_కుర్రోడు | జూన్ 15, రాత్రి 9.15

ఏవండోయ్, మారిషస్ అన్నారు కాబట్టి నేనూ దూరతాను. మాది కాకినాడ దగ్గరండి, చెన్నైలో ఉద్యోగం, గోల్ఫ్ అంతంతమాత్రం. కిందటేడు ఆఫీసువాళ్ళతో వెళ్ళాను. ఐల్ ఓ సెర్ఫ్ పడవ దిగేసరికి నాకు గోల్ఫ్ కోర్సు కనపడలేదండి, మడ చెట్లు కనపడ్డాయి. నీళ్ళలోంచి వేళ్ళు పైకి తేలి, అచ్చం మా కోరంగి మడ అడవే. ఆ మడ మీదుగా బాల్ కొట్టాలి, నా బాల్స్ అన్నీ అందులోకే. పుట్టింటికి పోయినట్టు పోయాయి.

తమాషా ఏంటంటే అక్కడ తెలుగువాళ్ళని ఒకప్పుడు "కోరంగీలు" అనేవారటండి, మా కోరంగి రేవు నుంచి ఓడెక్కి వెళ్ళారు కాబట్టి. 1834 నుంచి చెరుకు తోటల్లో పనికి కూలీలుగా ఇండియా నుంచి దగ్గర దగ్గర అయిదు లక్షలమంది వెళ్ళారు, బీహారు నుంచి ఎక్కువ, తమిళులు, మనవాళ్ళు. పోర్ట్ లూయీలో వాళ్ళు దిగిన ఆప్రవాసీ ఘాట్ ఇప్పుడు యునెస్కో జాబితాలో ఉంది. ఉగాదికి అక్కడ దేశం మొత్తానికి సెలవండి. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా అక్కడే.

ఇంకో సంగతి చెప్పి ఊరుకుంటాను. ఈ గోల్ఫ్ కోర్సుల్లో చాలావాటి అడుగున ఉన్నది చెరుకు నేలేనండి. యూరప్ వాళ్ళు మారిషస్ పంచదారకి మంచి రేటు ఇచ్చేవారు, 2006 నుంచి మూడేళ్ళలో ఆ రేటు మూడో వంతుకి పైగా కోసేశారు. ఎస్టేట్ల వాళ్ళు చెరుకు తీసేసి విల్లాలు, విల్లాల మధ్యలో గోల్ఫ్ కోర్సూ వేశారు. విదేశీయులు ఇళ్ళు కొనుక్కోవచ్చని 2002లోనే ప్రభుత్వం స్కీం పెట్టింది. తూర్పున అనాహిత అని దక్షిణాఫ్రికా గోల్ఫర్ ఎర్నీ ఎల్స్ డిజైన్ చేసిన కోర్సు ఉంది కదా, 2008 నాటిది, అదీ ఆ బాపతే. మా ముత్తాతల వరసవాళ్ళు చెరుకు నరికినచోట నేను డివట్లు (క్లబ్ తగిలి లేచే గడ్డి పెళ్ళలు) తవ్వాను. పని మాత్రం వాళ్ళంత నీటుగా చెయ్యలేదులెండి.

కైలాసగిరి_గాలి | జూన్ 15, రాత్రి 9.40

గురూ బాగా చెప్పావు. సింహాద్రి అప్పన్న పూజలు కూడా చేస్తారు అక్కడ, నాకు కార్ట్ ఇచ్చిన కుర్రాడి బాడ్జీ మీద ఇంటిపేరు చూస్తే అచ్చం మా విజయనగరం పేరు, స్పెల్లింగ్ మాత్రం ఫ్రెంచి. తెలుగులో పలకరిస్తే నవ్వాడు, రాదు. మాట్లాడేది క్రియోల్. కానీ రామభజన పాట ఒకటి రెండు చరణాలు వచ్చు, అర్థం తెలీదట. టీ (హోల్‌కి మొదటి దెబ్బ కొట్టే చోటు) మీద నిలబడి ఇద్దరం రెండు లైన్లు పాడేశాం, వెనకాల ఇంగ్లండ్ వాళ్ళు కంగారుపడ్డారు.

తోటమాలి_77 | జూన్ 16, ఉదయం 7.45

నాకొకటి అర్థంకాదు, చిన్న దీవి, నీళ్ళకి కటకట, అక్కడికెళ్ళి కొన్ని వందల ఎకరాల గడ్డికి నీళ్ళు పోసి మనం ఆడుకోవడం ఏంటి? చెరుకైనా తినేది.

ప్లస్_టూ | జూన్ 16, ఉదయం 8.30

గడ్డి సంగతి తెలుసుకుని మాట్లాడాలి. ఐల్ ఓ సెర్ఫ్‌లో ఉన్నది పాస్పలం. సముద్రపు ఒడ్డున పుట్టిన రకం, ఉప్పు తట్టుకుంటుంది, మామూలు గడ్డి చచ్చిపోయే ఉప్పునీళ్ళు కూడా కొంతవరకు తాగుతుంది. తీరం కోర్సులు దాన్ని వేసేది అందుకే.

తోటమాలి_77 | జూన్ 16, ఉదయం 8.41

ఉప్పు తట్టుకుంటుంది, సరే. ఎరువు, మందులు ఎక్కడికి పోతాయి సార్? పక్కనే లగూన్ (తీరానికీ దిబ్బలకీ మధ్య లోతులేని నీళ్ళు), దాని అవతల పగడాల దిబ్బలు. నేను ఆటని తిట్టట్లేదు, బుక్ చేసేముందు నీళ్ళు ఎక్కడివి అని ఒక్కసారి అడగండి అంటున్నా.

గ్రీన్‌సైడ్_లక్ష్మి | జూన్ 16, ఉదయం 10.00

అడగాల్సిన ప్రశ్నే. నేను బెల్ ఓంబ్రలో అడగలేదు, ఇప్పుడు అనిపిస్తోంది అడగాల్సిందని.

పాస్పలం మీద ఆట కూడా వేరు, ఫెయిర్‌వేలో (పొట్టిగా కోసిన గడ్డి దారిలో) బాల్ కుచ్చు మీద కూర్చున్నట్టు పైకి ఉంటుంది, కొట్టడానికి హాయి. రఫ్‌లో (పక్కనుండే పొడుగు గడ్డిలో) పడితే మాత్రం జిగురులా పట్టేస్తుంది, వెడ్జ్ తీసుకుని బయటికి రండి, హీరోయిజం వద్దు. గ్రీన్లు (హోల్ చుట్టూ నున్నటి గడ్డి) మన దగ్గరకంటే నెమ్మది, పట్ కొంచెం గట్టిగా.

కిట్ విషయంలో ప్లస్_టూ గారితో నేను ఒప్పుకోను. పద్నాలుగు క్లబ్బులూ, బ్యాగూ, కవరూ కలిపి పదమూడు పద్నాలుగు కిలోలు, పాప సామాను ఉన్నవాళ్ళకి అది చాలా బరువు, ఎయిర్‌పోర్టులో ట్రాలీ మీద ఆ పొడుగు బ్యాగు చూసిన క్షణం నుంచే మీ ఆవిడకి ఈ ట్రిప్పు ఎవరిదో అర్థమైపోతుంది. సగం సెట్ తీసుకెళ్ళండి. ఒక హైబ్రిడ్, 5, 7, 9 ఐరన్లు, పిచింగ్ వెడ్జ్, సాండ్ వెడ్జ్, పటర్. సన్నటి క్యారీ బ్యాగులో అయిదు కిలోలు దాటదు, చెక్‌ఇన్‌లో వేసేయొచ్చు. హాండికాప్ 22కి ఆ గాలిలో డ్రైవర్ ఎలాగూ శత్రువే. గ్లవ్స్ మాత్రం మూడు, ఉప్పు తేమకి ఒకటి తడిసిపోతే ఇంకోటి.

ప్లస్_టూ | జూన్ 16, ఉదయం 10.20

ఏడు క్లబ్బులతో ఆడేది గోల్ఫ్ కాదు, గోలీలాట.

నాన్‌గోల్ఫర్_భార్య | జూన్ 16, మధ్యాహ్నం 3.15

మా ఆయన పాస్‌వర్డ్ కాదు, నా సొంత ఐడీయే, ఇప్పుడే చేశాను. మా ఆయన ఈ ఫోరంలో ఎవరో చెప్పను. ఒక్క మాట. గోల్ఫ్ ఆడితే మాకేం నొప్పి లేదు. ఆడి వచ్చాక భోజనం దగ్గర పద్దెనిమిది హోల్సూ ఒక్కొక్కటిగా చెప్తారే, అదీ నొప్పి. నాలుగు గంటలు ఆడతారు, నాలుగు గంటలు చెప్తారు, మొత్తం ఎనిమిది. బుకింగ్ ముందే అడిగేయండి. "సర్‌ప్రైజ్, రేపు పొద్దున టీ టైం ఉంది" అని అక్కడికెళ్ళాక చెప్పకండి.

బంకర్_బాధితుడు | జూన్ 16, మధ్యాహ్నం 3.40

అక్కా, ఆయన నేనైతే కాదు గదా? టెన్షన్ వెట్టకు.

గ్రీన్‌సైడ్_లక్ష్మి | జూన్ 16, సాయంత్రం 4.05

ఒక రౌండ్ ఐల్ ఓ సెర్ఫ్‌లో ఆడితే ఇంకోటి వాకోవా జింఖానాలో ఆడండి. కొండమీద ఊరు, తీరంకంటే చల్లన, వాన ఎప్పుడు పడుతుందో తెలీదు. 1844లో బ్రిటిష్ సైన్యం ఆఫీసర్ల క్లబ్బుగా మొదలైందది. చిన్న కోర్సు, పార్ 68 (మొత్తం హోల్స్‌కి పట్టాల్సిన దెబ్బల లెక్క), చెట్లు ఎక్కువ, డ్రైవర్ అవసరం లేదు. మీ ఏడు క్లబ్బులకి సరిపోతుంది. ముందు ఫోన్ చేసి విజిటర్లకి టైం ఉందా కనుక్కోండి, కాలర్ ఉన్న చొక్కా వేసుకోండి.

పద్నాలుగో_క్లబ్ | ఆగస్టు 24, రాత్రి 9.50

వచ్చేశాం. మీ అందరి దగ్గర ఇంత చెప్పించుకున్నాను కాబట్టి రిపోర్టు రాస్తున్నా, కానీ పద్దెనిమిది హోల్సూ చెప్పను, పైన ఎవరో హెచ్చరించారు.

ఇంట్లో ముందే అడిగాను. "రెండు పొద్దుళ్ళు, పదకొండుకల్లా వచ్చేస్తాను" అన్నాను. ఆవిడ "పదకొండు దాటితే మిగతా రోజులు నేను చెప్పిన చోటికి" అంది. సరే అన్నాను, లక్ష్మి గారు చెప్పిన గంటన్నర లెక్క మీద ధైర్యంతో. ఏడు క్లబ్బులే తీసుకెళ్ళాను. ముంబై నుంచి ఆరు గంటలు, బ్యాగు ఎవరి కంటా పడలేదు.

ఐల్ ఓ సెర్ఫ్ మూడో రోజు. పొద్దున పడవలో నేనూ, ముగ్గురు జర్మనీ పెద్దవాళ్ళూ, గడ్డి కోసేవాళ్ళ రెండో షిఫ్టూ. గాలి అంటే గాలి గురూ, వైజాగ్ అన్నా నువ్వు చెప్పింది తక్కువే. ఒక పార్ త్రీ, సెవెన్ ఐరన్ దూరం, హైబ్రిడ్ తీసి సగం ఊపుతో కొట్టాను, గ్రీన్ అంచున ఆగింది. ఆ రోజుకి నా గొప్ప అదొక్కటే. వెనక గాలి హోల్‌లో అదే ఊపు మర్చిపోయి మామూలుగా కొడితే గ్రీన్ దాటి, బంకర్ దాటి, ఫ్రాన్స్ వైపు పోయింది.

పీత బొరియ నిజంగానే వచ్చింది! ఫెయిర్‌వే పక్కన, బాల్ సగం లోపల. ఫ్రీ రిలీఫ్ అన్నాను, జర్మన్ పెద్దాయన ఒప్పుకోలేదు, ఫోన్‌లో రూల్ 16.1 తీసి చూపించాను, కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ప్లస్_టూ గారికి థాంక్స్. డ్రాప్ చేసి కొట్టిన షాట్ నేరుగా మడలోకి. అక్కడ ఫ్రీ లేదు.

కోరంగి గారూ, మడ చెట్లు చూసి మీరే గుర్తొచ్చారు. నేను నీళ్ళు ఎక్కడివని స్టార్టర్‌ని (మనల్ని ఆటకి పంపే ఆయన్ని) అడిగాను, తోటమాలి గారి కోసం. ఆయన నవ్వి "ఇవాళ ఈ ప్రశ్న అడిగింది నువ్వే" అన్నాడు గానీ జవాబు చెప్పలేదు, ఆఫీసులో అడగమన్నాడు, ఆఫీసు నేను వచ్చేసరికి రద్దీ. అడక్కుండానే పడవెక్కాను, టైం పది ముప్పావు.

వాకోవా ఆరో రోజు. సన్నగా వాన, చలి, స్వెట్టర్ వేసుకున్నవాళ్ళు. ఊటీలో ఉన్నట్టుంది. నాతో ఆడిన పెద్దాయన రిటైరయిన స్కూల్ మాస్టారు, తాతల తాతలు తెలుగువాళ్ళు. ఆయనకి తెలుగులో అంకెలు వచ్చు, పది దాకా. నా స్కోరు ప్రతి హోల్‌కీ తెలుగులో చెప్పాడు, "ఆరు", "ఏడు", "ఆరు". ఒక్కచోట పది దాటింది, అక్కడ ఆగిపోయి నా మొహం చూశాడు. పదకొండు నేర్పాను. రౌండ్ అయ్యాక రోడ్డు మీద దాల్‌పూరీ తినిపించాడు, పప్పు పెట్టిన పల్చటి రొట్టె, బెల్లం వెయ్యని బొబ్బట్టు అనుకోండి. నాలుగు తిన్నాను, హోటల్‌కి వచ్చేసరికి పన్నెండున్నర.

ఏడో రోజు ఆవిడ చెప్పిన చోటికే.

బాల్స్ ఇరవైనాలుగు తీసుకెళ్ళాను, పదకొండు పోయాయి. రెండు రౌండ్లకి, ఆ గాలిలో, మరీ అంత చెడ్డ లెక్క కాదు.

కోరంగి_కుర్రోడు | ఆగస్టు 24, రాత్రి 10.15

మాస్టారికి పన్నెండు కూడా నేర్పి రావాల్సిందండి, ఈసారి నేను వెళ్తాను, నాకు కావాలి.

ప్లస్_టూ | ఆగస్టు 24, రాత్రి 10.22

రూల్ చదివించావు, బాగుంది. ఏడు క్లబ్బుల గురించి నా అభిప్రాయం మారలేదు.

నాన్‌గోల్ఫర్_భార్య | ఆగస్టు 24, రాత్రి 10.48

పద్నాలుగో_క్లబ్ గారూ, బ్యాగు ఇప్పుడే విప్పాను. ఇరవైనాలుగులో తిరిగొచ్చినవి తొమ్మిది. అందులో రెండిటి మీద జర్మనీ క్లబ్బు పేరుంది. పదకొండు కాదు, పదిహేడు.

పద్నాలుగో_క్లబ్ | ఆగస్టు 24, రాత్రి 10.50

నువ్వా!!

బంకర్_బాధితుడు | ఆగస్టు 24, రాత్రి 10.51

హమ్మయ్య, నేను కాదు.